కెమెరా పేరు, వెలుతురు తీరు

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున విజ్ఞాన పరిషత్తు, లలితకళా పరిషత్తు ఉమ్మడిగా సమావేశమైనవి. ఆ సభలో డాగెర్ కనిపెట్టిన ఛాయాచిత్రణ పద్ధతిని అరాగో అను శాస్త్రవేత్త అందరికిని విప్పి చెప్పెను. ఫ్రెంచి ప్రభుత్వము డాగెర్‌కును, అతని సహచరుడైన కీర్తిశేషుడు నియెప్స్ కుమారునకును జీవితభృతి ఏర్పరచి, ఆ రహస్యమును బహిరంగము చేయించెను. తెలిసిన విద్యను పదిమందికి పంచుట ఈ కళకు పుట్టుకతోనే వచ్చిన గుణము. ఆ తేదీనే నేడు ప్రపంచ ఫోటోగ్రఫీ దినముగా జరుపుకొనుచున్నారు.

ఈ పంచుకొనుట నేడు మరియొక రూపము దాల్చినది. ఒకే కంపెనీ కెమెరా కలవారు ఒక గుంపుగా చేరి, తాము తీసిన చిత్రములను ఒకరికొకరు చూపుకొనుచున్నారు. ఏ కటకము కొనవలెనో, ఏ అంకె ఎక్కడ ఉంచవలెనో చెప్పుకొనుచున్నారు. నికాన్ వారిది ఒక జట్టు, కెనాన్ వారిది మరియొక జట్టు. అరకు లోయ, లంబసింగి మంచు, విశాఖ సముద్రతీరము మనవైపు వారికి ప్రియమైన దృశ్యములు. చిత్రము క్రింద కెమెరా పేరు, కటకము పేరు, మూడు నాలుగు అంకెలు ఉండును. వెలుతురు ఎటునుండి వచ్చెనో, ఆ అంకెలనే ఏల ఎన్నుకొనిరో సాధారణముగా ఉండదు. ఈ లోపము చిన్నదిగా తోచవచ్చును. విద్యార్థి విషయమున ఇది చిన్నది కాదు.

మొదట వారి మేలును ఒప్పుకొనవలెను. క్రొత్తగా కెమెరా పట్టినవానికి రుసుము లేకుండ పాఠము చెప్పువారు వీరే. తేమగాలి వీచు మన తీరపు జిల్లాలలో కటకములకు బూజు పట్టును. తోలుసంచిలో మూసి ఉంచక, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచుమని వీరు చెప్పు సలహా ఎన్నో కటకములను కాపాడినది. అయితే అన్ని సలహాలును ఒక్క తీరువి కావు. వానిలో మూడింటిని తీసుకొని తూచి చూతము.

మొదటిది, కటకములను మార్చుకొనుటను గూర్చినది. "పాత నికాన్ కటకము క్రొత్త నికాన్‌కును, కెనాన్‌కును పనికివచ్చును, కెనాన్ కటకము మాత్రము పాత నికాన్‌కు పడదు" అందురు. మాట నిజమే. కాని దీనిని రెండు కంపెనీల పంతముగా చెప్పుట సరికాదు. కటకమును బిగించు వలయమునకును, లోపల బింబము పడు తలమునకును నడుమ ఒక నియతమైన దూరము ఉండును. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ పద్ధతిలో అది 46.5 మిల్లీమీటర్లు, 1987 నాటి కెనాన్ ఇ.ఎఫ్. పద్ధతిలో 44, 2018 నాటి నికాన్ జెడ్ పద్ధతిలో 16. కావున పాత నికాన్ కటకమునకు వెనుక 30.5 మిల్లీమీటర్ల గొట్టము తగిలించినచో జెడ్ కెమెరాపైనను, 2.5 మిల్లీమీటర్ల వలయము చేర్చినచో కెనాన్‌పైనను సరియైన చోట నిలుచును. తనంతట తాను దూరమును సరిచూచుకొను ఏర్పాటు మాత్రము అన్ని పాత కటకములకును పనిచేయదు. ఇక కెనాన్ కటకమును పాత నికాన్‌పై ఎట్లో బిగించితిమనుకొందము. అది ఉండవలసిన చోటికంటె కనీసము 2.5 మిల్లీమీటర్లు ముందుకు జరిగి ఉండును. నాభ్యంతరము 50 మిల్లీమీటర్లయినచో బింబదూరము 52.5 అగును. పదవ తరగతి కటక సూత్రమున ఈ అంకెలు వేసి చూడుడు: వస్తుదూరము 1050 మిల్లీమీటర్లు వచ్చును. అనగా సుమారు ఒక మీటరుకు ఆవల ఉన్నదేదియు స్పష్టముగా పడదు. కొండయు చంద్రుడును మసకబారును. ఈ లెక్క తెలిసినవానికి సలహా కంఠస్థము చేయవలసిన పని లేదు.

రెండవది, లంబసింగి మంచును గూర్చినది. "మా కెమెరా మంచును మురికిగా తీయును, ప్లస్ ఒకటి పెట్టుము" అని ఒక జట్టువారు తమ యంత్రపు గుణముగా చెప్పుదురు. రెండవ జట్టువారును అదే మాట తమ యంత్రమునకు చెప్పుకొందురు! ఇది ఏ కంపెనీ గుణమును కాదు. దృశ్యమునుండి తిరిగి వచ్చు కాంతిని కొలుచు మాపకము, ఎదుట ఉన్నది సగటున మధ్యరకపు బూడిదరంగు అని తలచి లెక్క వేయును. తెల్లని మంచు చట్రమంతయు నిండినపుడు, కాంతి ఎక్కువైనదని భ్రమపడి తగ్గించును, తెలుపు బూడిదయగును. ప్లస్ ఒకటి అనగా కాంతిని రెండింతలు చేయుట. నల్లని గేదె చట్రము నిండినపుడు పొరపాటు ఎదురుగా జరుగును. అప్పుడు మైనస్ కావలెను. నేటి కెమెరాలు దృశ్యమును పలుభాగములుగా పరిశీలించి కొంత సరిదిద్దుకొన్నను, మూలకారణము తొలగిపోలేదు.

మూడవది, "ప్రకృతి దృశ్యమునకు ఎఫ్/22 పెట్టుము, అంతయు పదునుగా వచ్చును" అనునది. ద్వారము చిన్నదైన కొలది దగ్గరిదియు దూరముదియు ఒకేసారి స్పష్టమగు మాట వాస్తవమే. కాని సన్నని ద్వారము గుండ పోవు కాంతి వివర్తనము చెంది విస్తరించును. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యము 0.55 మైక్రాన్లు అనుకొన్నచో, ఒక బిందువు బింబము ఎఫ్/8 వద్ద సుమారు 10.7 మైక్రాన్ల వ్యాసముగల చుక్కయగును. ఎఫ్/22 వద్ద 29.5 మైక్రాన్లగును. 23.5 మిల్లీమీటర్ల వెడల్పున 6,000 గడులు గల సెన్సరులో ఒక్కొక్క గడి 3.9 మైక్రాన్లే. అనగా ఒక్క చుక్క ఏడెనిమిది గడుల వెడల్పును ఆక్రమించును. ఎక్కువ గడులున్న కెమెరాకు ధర పోసి, ఎఫ్/22తో ఆ లాభమును పోగొట్టుకొనుచున్నాము. వివర్తనమునకు కంపెనీ పేరుతో పనిలేదు.

ఇక చిత్రముల మాట. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నము జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరము చెరకు పండు సీమ. బెల్లము వండు పెనముపై లేచిన ఆవిరి బంగారువలె వెలుగు చిత్రము మెప్పు పొందినపుడు చూచువారు మొదట అడుగు ప్రశ్న, "ఏ కటకము?" అని. అడుగవలసినది, "సూర్యుడు ఎటు ఉండెను?" అని. ఆవిరిలోని సన్నని నీటి బొట్లు కాంతిని ఎక్కువగా ముందువైపునకే వెదజల్లును. వెలుతురు ఆవిరి వెనుకనుండి మన కంటివైపు వచ్చినపుడు అది మెరయును. సూర్యుడు మన వీపు వెనుక ఉన్నపుడు అదే ఆవిరి పాలిపోవును. ఆ మెరుపు కటకమువలన కొనితెచ్చినది కాదు. నిలుచున్న చోటు ఇచ్చినది. ఇంకొక కొరతయు కలదు. మెరుపుమీది మోజుతో పెనము కలియబెట్టు మనిషిని నల్లని నీడగా మిగిల్చివేయుచున్నారు. అతని ముఖము, అతడు పాకమును పరీక్షించు తీరు చూపిన చిత్రము అరుదు.

హైదరాబాదు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844-1905) గాజుపలకలపై తీసిన చిత్రములను నేటికిని చూచి ఆనందించుచున్నాము. 1957 నాటి మాయాబజార్‌లో మార్కస్ బార్ట్‌లే చూపిన వెన్నెలను ఇప్పటికిని చెప్పుకొనుచున్నాము. వారి యంత్రములను ఏ కంపెనీ చేసెనో ఎంతమంది అడుగుదురు? యంత్రము అక్కరలేదని కాదు. ఎగురు పిట్టను పట్టుటకు, చీకటిలో పనిచేయుటకు మంచి యంత్రము తప్పక సహాయపడును. కాని అది చూపునకు బదులు కాదు.

ఉపాధ్యాయులు దీనిని ఎందుకు పట్టించుకొనవలెను? ఫలానా కంపెనీ కెమెరా లేనిదే నేర్చుకొనలేనని తలచు బాలుడు రెండు విధముల నష్టపోవును. తండ్రి చెరకు డబ్బులో కొంత అనవసరముగా ఖర్చగును. అంతకంటె మించి, కారణము అడుగక పెద్దలమాట పట్టుకొను అలవాటు పడును. తరగతిలో కటక సూత్రమునకు మంచి మార్కులు తెచ్చుకొని, బయట "ఆ కటకము దీనికి పడదట" అని ఊరకుండువాడు ఆ సూత్రమును నిజముగా నేర్చినవాడు కాడు.

మందు సులభము. తెల్లగోడను, నల్లబల్లను చట్రము నిండ తీయించి, రెండును బూడిదరంగువైపు జరుగునో లేదో చూపింపుడు. ఇంటిలో ఉన్న ఏ కెమెరాయైనను చాలును. మరుగుచున్న నీటి ఆవిరిని కిటికీకి ఎదురుగా ఒకసారి, కిటికీకి వీపు త్రిప్పి ఒకసారి తీయింపుడు. ఇక జట్లవారికి ఒక మనవి: చిత్రము క్రింద కంపెనీ పేరు వ్రాయుడు, తప్పులేదు. దానితోపాటు వెలుతురు ఎటునుండి వచ్చెనో ఒక పంక్తి, ఆ అంకెలు ఏల పెట్టితిరో ఒక పంక్తి, ముందు ఏమి చేసిచూడగా కుదరలేదో ఒక పంక్తి చేర్చుడు. ఆ మూడు పంక్తులు వేరొక కంపెనీ కెమెరా కలవానికిని, ఏ కెమెరాయు లేనివానికిని కూడ పనికివచ్చును.