నాలుగొందల వాట్ల మోజు

కోఠి గుజరాతీ గల్లీలో యాంప్లిఫయర్ కిట్టు కావాలని అడిగితే చాలు, కౌంటరు వెనక నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ‘‘ఎన్ని వాట్స్ అన్నా?’’ నోటికొచ్చిన అంకె చెప్పామా, బేరం సగం తెగినట్టే. రెండొందలంటే ఒక బోర్డు తీస్తారు, నాలుగొందలంటే ఇంకోటి. రెంటి మీదా ఉండేవి ఆ 5200, 1943 ట్రాన్సిస్టర్లే. రెండోదాని మీద జతలు ఎక్కువ, అంతే. నేను తిరిగి అడిగేది వేరే: ‘‘ఎన్ని వోల్టుల మీద? ఎన్ని ఓముల స్పీకరుకి?’’ దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే దుకాణంలోనే కొంటాను.

బోర్డు సొంతంగా శక్తిని పుట్టించదు. అది కొళాయి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు. ట్యాంకులో లేని నీళ్లు కొళాయి ఎంత పెద్దదైతే మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? గల్లీలో తేలిగ్గా దొరికే 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్‌తో లెక్క వేసి చూద్దాం. 24ని 1.414తో గుణిస్తే 34 వోల్టుల డీసీ. డయోడ్ల దగ్గర ఒకటి పోతే 33. బోర్డు ఖర్చు మూడు తీసేస్తే స్పీకరుకు అందేది ఎంత చేసినా 30. ఆ 30ని 30తో గుణించి, స్పీకరు ఓములకు రెట్టింపుతో భాగించాలి. 8 ఓముల స్పీకరైతే 900ని 16తో. వచ్చేది 56 వాట్లు. 4 ఓములైతే కాగితం మీద 112, అదీ వోల్టేజీ కుంగకపోతే. నాలుగొందలని అచ్చువేసిన బోర్డు తెచ్చి ఇదే ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించినా ఆ 56 మారదు.

8 ఓముల మీద నిజంగా 200 వాట్లు కావాలంటే 43-0-43 దాకా వెళ్లాలి. అప్పుడు డీసీ అటు 60, ఇటు 60. దానికి 63 వోల్టుల కండెన్సర్లు సరిపోతాయని అంటగట్టేవాళ్లున్నారు. రాత్రిపూట ఇంటి కరెంటు 230 నుంచి 250కి ఎగబాకిందంటే ఆ అరవై కాస్తా అరవై అయిదు దాటుతుంది. అక్కడ 80 వోల్టులవో 100 వోల్టులవో వేయాల్సిందే.

అసలు ఇంట్లో ఇన్ని వాట్లు దేనికి? మామూలు ఇంటి స్పీకరు ఒక్క వాటుకే మీటరు దూరంలో 87, 88 డెసిబెల్స్ వినిపిస్తుంది. మనం మాట్లాడుకునే మాట 60 ఉంటుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెండింతలుగా తోచాలంటే పది డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. వందకు బదులు రెండొందలు కొన్నవాడికి దక్కే తేడా చెవి పెట్టి వింటేగానీ తెలియదు.

అలాగని చిన్న యాంపు చాలనడం లేదు. ఒకటి రెండు వాట్లతో సాగే కచేరీలో మృదంగం మీద చాపు పడ్డ క్షణాన ఇరవై, ముప్పై వాట్లు కావాల్సి వస్తుంది. అవి లేకపోతే శబ్దం పైభాగం కోసేసినట్టయి గరగరలాడుతుంది. అది అదేపనిగా సాగితే ముందు కాలేది ట్వీటరు. కాబట్టి హాలుకు ఒక్కో చానల్‌కు అసలైన 50 నుంచి 100 వాట్లు పెట్టుకోవడంలో తప్పులేదు. ఆ ‘అసలైన’ దగ్గరే తిరకాసు. ఎందరికో మొదటి కిట్టయిన 4440 ఐసీకి సాన్యో కంపెనీ చెప్పిన లెక్క స్టీరియోలో ఆరేసి వాట్లు, రెండు చానళ్లూ కలిపి వాడితే 19. దాని బోర్డునే వంద వాట్లని అమ్ముతుంటారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఎల్ఎం3886 ఐసీ. ప్లస్, మైనస్ 28 వోల్టుల మీద 4 ఓములకు 68 వాట్లు, 8 ఓములకు 38. వేడి మితిమీరినా, స్పీకరు వైర్లు తగులుకున్నా తనను తాను కాపాడుకునే ఏర్పాటు లోపలే ఉంది. 5200 బోర్డుల్లో చాలావాటికి ఆ రక్షణ లేదు. ఒక్క ట్రాన్సిస్టరు షార్టయితే డీసీ నేరుగా స్పీకరు కాయిల్‌లోకి పోతుంది. రిలే ఉన్న ప్రొటెక్షన్ బోర్డు లేకుండా వాటి జోలికి పోవద్దు. పైగా నకిలీ 5200లు సంతలో కొల్లలు.

ట్రాన్స్‌ఫార్మర్‌ను చేత్తో లేపి చూడకుండా కొనకండి. రాగి అల్యూమినియం కన్నా మూడింతలకు పైగా బరువు. ఒకే సైజువి రెండు పట్టుకుంటే ఏది రాగి చుట్టో చెయ్యే చెబుతుంది.

బిగింపు పూర్తయ్యాక నేరుగా ప్లగ్గులో పెట్టేయకూడదు. వంద వాట్ల పాతకాలం ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టి, స్పీకరు కలపకుండా స్విచ్చు వేయాలి. బల్బు ఒక్కసారి భగ్గుమని, కండెన్సర్లు నిండేకొద్దీ మసకబారి, లోపల తీగ ఎర్రగా కనిపించీ కనిపించనట్టు ఉండాలి. వెలుగు తగ్గకపోతే ఎక్కడో షార్టున్నట్టే. ముందు ట్రాన్సిస్టరుకూ హీట్‌సింకుకూ మధ్య మైకా చూడండి, స్క్రూ బిగించేటప్పుడు చిరిగి ఉంటుంది. అంతా బాగుంటే స్పీకరు టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరు పెట్టి డీసీ కొలవాలి. 50 మిల్లీవోల్టుల లోపుంటేనే స్పీకరు కలపాలి. స్విచ్చు ఆపాక కూడా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, వెంటనే వేళ్లు పెట్టకండి.

డబ్బు విషయంలో నా లెక్క ఇదీ: సగం స్పీకర్లకు, మిగిలినదాంట్లో పెద్ద వాటా ట్రాన్స్‌ఫార్మర్‌కూ హీట్‌సింకుకూ, ఆఖరున మిగిలింది బోర్డుకు. బోర్డు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని బోర్డులు మారినా పనికొస్తుంది. గల్లీకి బయల్దేరే ముందు మీ స్పీకరు వెనక రాసి ఉన్న ఓములు ఎన్నో చూసి, చీటీ మీద రాసుకుని వెళ్లండి.