ముందుకు జరగండి బాబూ!

గుంటూరు స్టేషన్లో రైలు దిగి, బయట వరసగా నిలబడ్డ జట్కాల్లో ఒకదానికి బేరం కుదుర్చుకుని, సామాను లోపల పడేసి, వెనక నుంచి ఎక్కి, గడ్డి మీద పరిచిన గోనెపట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న వాళ్ళందరికీ ఈ మాట పరిచయమే. అందరూ ఎక్కాక జట్కా సాయిబు వెనక్కి తిరిగి ఒకసారి చూసేవాడు. "మీరు కాస్త ముందుకు జరగండి బాబూ. అమ్మా, ఆ ట్రంకుపెట్టె ఇటు తొయ్యండి" అనేవాడు. పది గజాలు పోయాక "కొంచెం వెనక్కి" అనేవాడు. వంతెన ఎక్కేటప్పుడు మళ్ళీ ముందుకు. కూర్చున్నవాళ్ళకు విసుగొచ్చేది. కానీ జట్కా తోలడంలోని విద్యంతా ఆ సర్దుబాటులోనే ఉంది.

రెండు చక్రాల బండి ఇరుసు మీద నిలబెట్టిన త్రాసు. బరువు ఇరుసుకు వెనక పడితే నొగలు పైకి లేస్తాయి. నొగలు లేస్తే గుర్రం పొట్ట కింద బిగించిన తంగు పైకి లాగేస్తుంది, గుర్రానికి ఊపిరి ఆడదు, కాళ్ళు నేల మీద ఆనవు. బరువు మరీ ముందుకు వస్తే అదంతా దాని వీపు మీది జీను మీద పడుతుంది. నాలుగు రోజుల్లో ఆ చోట పుండు లేస్తుంది, పుండు పడ్డ గుర్రం నెల రోజులు కొట్టంలో ఉంటుంది, ఆ నెల సాయిబు ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని నొగల మీద భారం ఉండీ లేనట్టుగా, కాస్తంత ముందువైపే మొగ్గేలా చూసుకోవాలి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కి వాలుతుంది కనక మనుషుల్ని ముందుకు జరపాలి. పల్లం దిగేటప్పుడు వెనక్కి పంపాలి. కొలబద్ద ఏదీ లేదు. నొగల చివర ఎంత ఆడుతున్నదో, గుర్రం చెవులు ఎటు తిరిగి ఉన్నాయో చూసి చెప్పేవాడు.

చేతిలో చెర్నాకోల ఉండేది గానీ మంచి తోలరి దాన్ని గుర్రం మీద వాడేది తక్కువ. కర్ర చివరను తిరిగే చక్రం ఆకుల మధ్య ఆనించేవాడు. టకటకమని పెద్ద చప్పుడు. దారిలో నడిచేవాళ్ళు తప్పుకునేవారు, గుర్రం ఆ చప్పుడు విని అడుగు పెంచేది. దెబ్బ లేకుండా ఒకే పనితో రెండూ జరిగేవి. కళ్ళకు గంతలు కట్టడం కూడా గుర్రం బెదరకుండా ఉండడానికే. పక్కనుంచి వచ్చే ఎద్దునో మోటారునో చూసి అది ఉలిక్కిపడితే బండి ఇరుకు బజారులో ఎవరి మీదికైనా పోవచ్చు.

ఇక్కడ పనిచేసినవి మేలుజాతి అరబ్బీ గుర్రాలు కావు. పొట్టి నాటు గుర్రాలు, తట్టువలు. కూడు తక్కువ, ఎండకు ఓర్పు ఎక్కువ. ముగ్గురు నలుగురు మనుషుల్ని వేసుకుని మంచి రోడ్డు మీద గంటకు ఆరేడు మైళ్ళు దుడుకు నడకన పోగలవు. వాటి కొట్టం అంటే జట్కావాడి ఇంటి పక్కన తాటాకు పంచే. పట్నంలో కొందరు రెండు మూడు బండ్లూ గుర్రాలూ పెట్టుకుని తోలేవాళ్ళకు రోజు బాడుగకు ఇచ్చేవారు. మన ఊళ్ళ గుర్రపుశాల అంటే అంతే.

ఆ పంచలో తెల్లవారక ముందే పని మొదలయ్యేది. ముందుగా ఖరారాతో ఒళ్ళంతా దువ్వడం. చెమటా దుమ్మూ కలిసి గట్టిపడ్డ చోట పట్టీ రాసుకుంటే చర్మం తెగుతుంది కాబట్టి ఇది అందం కోసం చేసే పని కాదు. తర్వాత డెక్కలు ఎత్తి చూసి, లాడానికీ డెక్కకూ మధ్య ఇరుక్కున్న కంకర గీకెయ్యాలి. దాణా ఉలవలు. రాత్రి నానబెట్టి, ఉడకబెట్టి, చల్లార్చి, తవుడు కలిపి పెట్టేవారు. గుంటూరు, ఒంగోలు మెట్ట పొలాల్లో ఉలవలకు లోటు లేదు. ఎద్దులకు ఉలవలు ఉడికించిన నీళ్ళే వంటింట్లో ఉలవచారుగా కాగేవని మన పెద్దవాళ్ళు చెబుతారు. పశువు బలమూ మనిషి రుచీ ఒకే కుండలోంచి వచ్చిన సీమ ఇది. దాణా పెట్టిన వెంటనే బండి కట్టకూడదు. పరుగెత్తి వచ్చిన గుర్రాన్ని వెంటనే తొట్టి దగ్గరికి తీసుకుపోకూడదనేవారు. కాసేపు చేత్తో పట్టి నడిపించి, ఒళ్ళు తుడిచి, ఊపిరి కుదుటపడ్డాకే నీళ్ళు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత ఖర్చు గురించి చెప్పిందే అయినా, జట్కావాడికి అది రోజూ పాటించే నియమం. బేరం ఉన్నా లేకపోయినా పొద్దున ఉలవలు ఉడకాల్సిందే.

మరి ఇంత పనికొచ్చే గుర్రం ఊరు దాటి పొలాల్లోకి ఎందుకు పోలేదు? నల్లరేగడి వల్ల. వాన పడితే ఆ మట్టి చక్రానికీ డెక్కకూ ముద్దలు ముద్దలుగా అంటుకుని అడుగు కదలనివ్వదు. ఎండితే గాడులు రాయిలా బిగుసుకుంటాయి. తరతరాలుగా బండ్లు నడిచి నడిచి చేల మట్టానికి కిందికి దిగిపోయిన డొంకల్లో తేలికపాటి జట్కా నిలవదు. కంకర రోడ్డు ఉన్నంతవరకే గుర్రం. అక్కడి నుంచి ఒంగోలు ఎద్దు. రేగడిలో దున్నడానికీ బరువు లాగడానికీ ఈ నేలే పెంచిన జాతి అది. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే సముద్రాలు దాటి బ్రెజిల్ చేరిన మన పశువులకు అక్కడ నెల్లోర్ అన్న పేరు స్థిరపడింది.

పత్తి సంగతే చూడండి. అమెరికా అంతర్యుద్ధం నడిచిన 1861 నుంచి 1865 దాకా ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి అందక, మన దేశపు పత్తికి గిరాకీ విపరీతంగా పెరిగింది. కృష్ణా, గుంటూరు, నెల్లూరు ప్రాంతాల పత్తి కాకినాడ రేవు పేరుతో 'కొకనాడాస్'గా విదేశాల్లో అమ్ముడుపోయేది. ఆ బోరేలను పొలం నుంచి బయటికి తెచ్చింది ఎద్దు బండే. పత్తి తీతలు, మిరప కోతలు అయిపోయి కళ్ళాలు ఎండే మాఘ ఫాల్గుణాల్లో డొంకలు గట్టిపడతాయి. బండ్ల వరసలు అప్పుడు కదిలేవి, అదీ రాత్రిళ్ళు. ఎండ తప్పుతుంది, ఎద్దు అలసిపోదు. ముందు బండి తోలేవాడు మేలుకుంటే చాలు. వెనక ఎద్దులు ముందు బండి మువ్వల చప్పుడు పట్టుకుని వాటంతట అవే నడిచేవి. ఎద్దు బండి నడక గంటకు రెండు, రెండున్నర మైళ్ళు. రాత్రికి రెండు ఆమడలు, అంటే పదహారు మైళ్ళు నడిస్తే మంచి నడకే. ఒంగోలు నుంచి గుంటూరుకు డెబ్బై మైళ్ళ దారికి నాలుగైదు రాత్రులు పట్టేది. తెల్లారేసరికి నీళ్ళూ నీడా ఉన్న మజిలీ చేరాలి. దారి పొడుగునా సత్రాలూ చెరువులూ పశువు అడుగు కొలిచి కట్టినట్టు ఉండడానికి కారణం ఇదే.

మిరప బస్తాలు తోలడం వేరే పని. కాయ బరువు తక్కువ, చోటు ఎక్కువ. బండి ఎత్తుగా లేస్తుంది. గాడిలో ఒక చక్రం దిగితే మొత్తం పక్కకు ఒరుగుతుంది. అందుకని బస్తాలను ఇరుసుకు అటూ ఇటూ సరిసమానంగా పేర్చి మోకుతో బిగించేవారు. అందులోనూ జట్కా సాయిబు లెక్కే పనిచేసేది.

చక్రం తయారీని చూస్తే ఈ వృత్తుల లోతు తెలుస్తుంది. నల్లతుమ్మ కొట్టి, ఏళ్ళ తరబడి ఆరబెట్టి, వడ్రంగి ఆకులూ పూటీలూ చెక్కి జోడిస్తాడు. ఇనుప పట్టాను మాత్రం కమ్మరి చక్రం చుట్టుకొలత కంటే కావాలనే కాస్త తక్కువగా చేస్తాడు. దాన్ని నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. వేడికి పట్టా సాగుతుంది. ముగ్గురు నలుగురు పట్టుకార్లతో ఎత్తి, చక్రం మీద దించి, సుత్తులతో సర్ది, చెక్క అంటుకుని పొగ లేస్తుండగానే బిందెలతో నీళ్ళు పోస్తారు. పట్టా ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆకులు పూటీల్లోకి, పూటీలు ఒకదాంట్లోకి ఒకటి కరుచుకుపోతాయి. ఆ క్షణంలో కీళ్ళు చేసే కీచుమనే చప్పుడును బట్టే చక్రం ఎన్నేళ్ళు వస్తుందో వడ్రంగి అంచనా వేసేవాడు. ఆ మీద సీల ఊడకుండా చూసుకోవడం, ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన ఇరుసుకు పెట్టడం తోలేవాడి వంతు.

ఈ బండ్ల కాలానికి ముందూ పక్కనా వేరే ప్రయాణాలు ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి పల్లకీలో బయలుదేరి కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి నీళ్ళు ఎలా ఉన్నాయో, సరుకులు దొరుకుతాయో లేదో రాసిపెట్టాడు. కలిగినవాళ్ళ ప్రయాణం కూడా బోయీల భుజాల మీద, మజిలీల లెక్కన సాగిన కాలం అది. తర్వాత కృష్ణ కాలవలు, బకింగ్‌హాం కాలవ వచ్చి పడవలు కొంత సరుకు తీసుకున్నాయి. 1899కల్లా బెజవాడ, మద్రాసుల మధ్య ఒంగోలు మీదుగా రైలు నడిచింది. దూరప్రయాణం బండ్ల చేతిలోంచి పోయింది గానీ, జట్కాకు అసలు బతుకు ఇచ్చింది రైలే. స్టేషను నుంచి ఇంటికి, కోర్టుకు, ఆసుపత్రికి, సంతకు మనిషిని చేర్చే పని అప్పుడే పుట్టింది. ఘోషా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళ కోసం వెనక పరదా కట్టేవారు. పురుడు నొప్పులొచ్చిన మనిషిని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చడానికి ఊళ్ళో లేపదగిన మొదటి గుమ్మం జట్కా సాయిబుదే. అలాంటి మనిషికి మనం రాసుకున్న చరిత్రల్లో ఒక్క పేజీ కూడా దక్కకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

సాయిబులందరూ దయగలవాళ్ళని అనను. బక్కచిక్కిన గుర్రానికి ఆరుగురిని వేసి కొట్టినవాళ్ళు ఉన్నారు. 1890లో జంతు హింస నివారణ చట్టం, 1911లో బండికీ తోలేవాడికీ లైసెన్సు పెట్టిన మద్రాసు హాక్నీ క్యారేజి చట్టం వచ్చాయి. స్వాతంత్య్రం తర్వాత 1965 నాటి నిబంధనలు బరువులాగే పశువుతో రోజుకు తొమ్మిది గంటలకు మించి, ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించకూడదన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు కట్టకూడదన్నాయి. గుంటూరు వేసవికి ఆ లెక్క పెడితే ఏప్రిల్, మే నెలల్లో చాలా రోజులు ఆ నిషేధం కిందికే వస్తాయి. మంచి తోలరి ఆ మూడు గంటలూ గుర్రాన్ని చింతచెట్టు కింద విప్పి, తానూ తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. చట్టం ఆ అలవాటుకే ఆలస్యంగా అచ్చు వేసింది.

రిక్షాలు ముందు వచ్చాయి. రిక్షాకు ఉలవలు అక్కర్లేదు. తర్వాత ఆటోలు. జట్కా కుటుంబాల పిల్లలు కొందరు ఆ రెండిట్లోకే మళ్ళారు. కోటప్పకొండ తిరునాళ్ళకు ఎడ్ల బండ్ల మీద కదిలిన ప్రభలు చాలావరకు ట్రాక్టర్లెక్కాయి. ఒంగోలు ఎద్దు బండలాగుడు పందేల్లో ఇంకా వెలుగుతున్నది గానీ, రాత్రంతా వరసలో నడిచే నేర్పు ఆ పందేల్లో లేదు. పాత చక్రాలు హోటళ్ళ గోడలకు వేలాడుతున్నాయి. వాటికి పట్టా బిగించిన చేతులు మాత్రం ఇంకా కొన్ని పల్లెల్లో ఉన్నాయి. అలాంటి కమ్మరీ వడ్రంగీ మీ ఊళ్ళో ఉంటే, పిడకలు పేర్చి ఒక్క చక్రానికైనా పట్టా వేయించి, మొదటి నుంచి చివరి దాకా ఫోనులో తీసి, పట్టా ఎంత తక్కువ చేస్తారో వాళ్ళ నోటే చెప్పించి దాచండి. మన కమ్మరుల చేతి కొలత పుస్తకాల్లో అంత సులువుగా దొరకదు.