సుత్తి కంటే ముందు డీజిలు

ఏళ్ల తరబడి పశువుల కొట్టంలోనో, అపార్ట్‌మెంటు సెల్లారులోనో పడున్న యెజ్డీ రోడ్‌కింగ్‌ను ముచ్చటపడి కొన్నవాళ్లు చేసే మొదటి పని కిక్ కొట్టడం. కిక్ దిగకపోతే ఇంకా గట్టిగా కొట్టడం రెండో పని. ఇలాంటి బళ్ల ఇంజన్ పట్టేయడం వల్ల జరిగే నష్టం కన్నా, ఆ పట్టు విడిపించే తొందరలో జరిగే నష్టమే పెద్దదని నా వాదన. పట్టేసిన పిస్టన్‌ను ఎటూ మారుస్తాం. దాన్ని కదిలించే ఊపులో చెడేవి మాత్రం ఓ పట్టాన దొరకవు. యెజ్డీలు తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు తిరిగొచ్చాయి గానీ, ఆ కొత్త ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ల సామాను ఈ పాత టూస్ట్రోక్‌కు అతకదు.

అసలు పట్టేసింది ఏమిటో తేల్చుకోకుండా బలం పెట్టడంలోనే తప్పుంది. పరుగులో వేడెక్కి సీజయిన ఇంజన్ వేరు, నిలవుండి తుప్పుపట్టిన ఇంజన్ వేరు. మొదటి దాంట్లో పిస్టన్ తాలూకు అల్యూమినియం కరిగి బోరుకు పూసుకుపోతుంది; దానికి నూనె ఒక్కటే మందు కాకపోవచ్చు. రెండో దాంట్లో శత్రువు తేమ. పిస్టన్ కిందికి దిగి ఆగితే ఎగ్జాస్ట్ పోర్టు తెరిచే ఉంటుంది, సైలెన్సర్ గుండా వానాకాలపు గాలి నేరుగా బోరులోకి చేరుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. అది పూడటానికి ఎంత తుప్పు కావాలి? అంటే పట్టు గట్టిదే గానీ పొర పల్చనిది. ఇంకో మెలిక ఉంది. యెజ్డీలో గేరు రాడ్డూ కిక్ రాడ్డూ ఒకటే. దాని మీద వేసిన బలం పళ్ల చక్రాలు, క్లచ్, ప్రైమరీ చెయిన్ దాటి క్రాంక్‌కు చేరాలి. బిగుసుకుపోయింది కిక్ మెకానిజమే కావచ్చు, క్రాంక్ బేరింగులూ కావచ్చు, పిస్టన్‌కు ఏ పాపమూ తెలియకపోవచ్చు. ప్లగ్గు విప్పి లోపలికి టార్చి వేసి చూడటానికి, కవరు తీసి క్రాంక్ చివర స్పానర్‌తో మెల్లగా కదిపి చూడటానికి పట్టేది కాసేపే.

పల్చని పొరకు పల్చని నూనెతోనే పని. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలు, కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి పోసి రోజుల తరబడి వదిలేయాలి, ఇంకినప్పుడల్లా మళ్లీ పోయాలి. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. ఆ మిశ్రమం దగ్గర బీడీ కూడా వెలిగించకూడదు. వేడి చేయాలనుకుంటే నూనె తీసేసి, ఆరనిచ్చి, మంట లేకుండా హాట్ ఎయిర్ గన్‌తో బ్లాకును బయటి నుంచి వేడెక్కించి చల్లారనివ్వాలి. అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, ఆ తేడాకే తుప్పు పొర చిట్లుతుంది. ఆ తర్వాత ప్లగ్గు తీసే ఉంచి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపాలి. టాప్ గేరే ఎందుకంటే, చక్రం మీద పెట్టిన బలం క్రాంక్‌కు ఎక్కువగా చేరేది అందులోనే. వెంట్రుకవాసి కదిలినా అక్కడే ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ నూనె పోయాలి.

మెకానిక్కుకు ఇంత తీరిక ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, షెడ్డు అద్దె అతని నెత్తినే ఉంటుంది. అయితే నానబెట్టడానికి మనిషి అక్కర్లేదు. బండి షెడ్డుకు చేరకముందే ఆ పని యజమాని ఇంట్లో కానివ్వచ్చు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటి: ఎలాగూ బోరింగ్ చేయించి కొత్త పిస్టన్ వేస్తాం కదా, హెడ్డు విప్పి పిస్టన్ మీద సుత్తితో నాలుగు దెబ్బలేస్తే పోయేదేముంది? పిస్టన్ వరకు నిజమే. కానీ దెబ్బ పిస్టన్‌తో ఆగదు, కనెక్టింగ్ రాడ్డు గుండా క్రాంక్‌కు దిగుతుంది. యెజ్డీ క్రాంక్ ఒకే ముక్క కాదు, ప్రెస్ చేసి కూర్చింది. గట్టి దెబ్బకు వరస తప్పితే, దాన్ని డయల్ గేజ్ పెట్టి సరిచేయగల చేతులు ఊరికి ఒకటి కూడా ఉండవు. బ్లాకును మెలితిప్పి లాగడమూ ఇలాంటిదే. టూస్ట్రోక్‌లో రింగు కొనలు పోర్టులకు తగలకుండా పిన్నులు అడ్డుంటాయి. మెలి పెడితే రింగు కొన పోర్టులో ఇరుక్కుని విరుగుతుంది. గ్రీజు గన్‌తో ప్లగ్గు రంధ్రంలోంచి ఒత్తిడి పెట్టే పద్ధతిని మాత్రం ఒప్పుకుంటాను. ఆ ఒత్తిడి పిస్టన్ మీద అన్నివైపులా సమంగా పడుతుంది. కాకపోతే పిస్టన్ పోర్టులన్నిటికన్నా పైన ఆగి ఉండాలి, లేదంటే గ్రీజంతా సైలెన్సర్ పాలు.

క్రాంక్ తిరిగిన క్షణం నుంచి ఇంకో తొందర మొదలవుతుంది, పెట్రోలు పోసి స్టార్ట్ చేసేద్దామని. నిలవున్న ఇంజన్‌లో క్రాంక్ సీళ్లు ఎండి గట్టిపడి ఉంటాయి. వాటి సందుల్లోంచి గాలి చొరబడితే మిశ్రమం పల్చబడి వేడి పెరుగుతుంది, ఈసారి ఇంజన్ నిజంగానే సీజవుతుంది. కాబట్టి హెడ్డూ బ్లాకూ విప్పి, తుప్పు పొడి కడిగి, సీళ్లు మార్చి, లేత్ షాపులో బోరు కొలిపించాకే పెట్రోలు పోయండి.