ఎలుక తల ఎందుకు వణికింది?

వినాయక చవితికి మా కాలనీ పిల్లలు చేసిన ఎలుక బొమ్మ తల ఊపాలి. పందిరి వెనక బల్ల మీద ఆర్డుయినో అనే చిన్న కంట్రోలరు బోర్డు, దానికి పది మీటర్ల అవతల గణపతి పాదాల దగ్గర ఎలుక, ఎలుక మెడలో ఒక హాబీ సర్వో. ఇంట్లో చూసినప్పుడు బుద్ధిగా అటూ ఇటూ తిరిగిన తల, పందిట్లో పెట్టగానే చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలెట్టింది. ప్రోగ్రాము తిరగరాశాం. సర్వో మార్చాం. కొత్తదీ వణికింది. తప్పు ఆ రెండింటిలోనూ లేదు, మధ్యలో ఉన్న తీగలో ఉంది. అది తెలియడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

సర్వో గుప్పిట్లో పట్టే పెట్టె. లోపల ఒక చిన్న డీసీ మోటారు, పళ్లచక్రాలు, ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటరు, వీటిని నడిపే చిప్పు ఉంటాయి. బయటికి మూడే తీగలు: పవరు, గ్రౌండు, సిగ్నలు. సిగ్నలు తీగ మీద 20 మిల్లీసెకన్లకోసారి ఒక పల్సు వస్తుంది. ఆ పల్సు ఎంతసేపు ఉందన్నదే ఆజ్ఞ. 1.5 మిల్లీసెకన్లుంటే మధ్యలో నిలబడమని, 1 ఉంటే ఓ పక్కకి, 2 ఉంటే రెండో పక్కకి తిరగమని.

ఈ ఏర్పాటు 1960లలో అమెరికాలో రేడియోతో బుల్లి విమానాలు ఎగరేసే ఔత్సాహికుల చేతుల్లో రూపుదిద్దుకుంది. ఒకే రేడియో తరంగం మీద అరడజను సర్వోల పల్సులు బారులు తీరి వెళ్లాలి. ఒక్కోదానికి 2 మిల్లీసెకన్లు మించకుండా, చివర కాస్త విరామం వదిలితే మొత్తం 20 దగ్గర తేలుతుంది. ఇవాళ రోబో చేతులూ సినిమా బొమ్మలూ తినే ఉప్పు ఆనాటి విమానాల వాళ్లదే. కాకపోతే విమానంలో రిసీవరు నుంచి సర్వోకి దూరం జానెడు, మహా అయితే రెక్క పొడవు. పది మీటర్ల తీగ వాళ్ల లెక్కలో లేదు.

తల వణకగానే ఎవరికైనా మొదటి అనుమానం సిగ్నలు మీదికే పోతుంది, ఇంత దూరంలో పల్సు చెదిరిపోతోందని. లెక్క వేస్తే అలా కనిపించదు. మామూలు తీగకి మీటరుకి 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకున్నా, పది మీటర్లకి ఒక నానోఫారడ్. దాన్ని 220 ఓమ్‌ల గుండా నింపితే పల్సు అంచు వంకర పోయేది ఒక మైక్రోసెకనులో పావు వంతు కూడా కాదు. సర్వో ఒక డిగ్రీ తిరగడానికి పల్సులో కావలసిన తేడా సుమారు 11 మైక్రోసెకన్లు. దాని ముందు ఈ పావు ఏపాటిది?

అసలు దొంగలు పవరు, గ్రౌండు తీగలు. సర్వోలతో వచ్చే సన్నని 26 గేజి తీగకి మీటరుకి 0.13 ఓమ్ పైచిలుకు నిరోధం ఉంటుంది. పది మీటర్లు పోయి, పది మీటర్లు తిరిగి రావాలి కాబట్టి మొత్తం 2.7 ఓమ్‌లు. మోటారు కదలబోయే క్షణంలో ఒక ఆంపియర్ లాగిందంటే, ఇక్కడ 5 వోల్టులు పంపితే అక్కడికి చేరేది 2.3. దాంతో చిప్పు సొమ్మసిల్లి, మోటారు ఆగి, కరెంటు తగ్గి, వోల్టేజీ లేచి, చిప్పు మళ్లీ కళ్లు తెరుస్తుంది. మళ్లీ అదే తంతు. మనకి కనిపించే వణుకు ఇదే.

ఇంకో మెలిక ఉంది. పోయిన వోల్టేజీలో సగం తిరుగుదారిలో, అంటే గ్రౌండు తీగలో పోతుంది. కాబట్టి సర్వో తన కాళ్ల కింద నేల అనుకుంటున్నది నిజానికి 1.3 వోల్టుల ఎత్తున ఉంది. మనం 3.3 వోల్టుల పల్సు పంపితే దానికి కనిపించేది రెండే. సిగ్నలు తగ్గలేదు, నేలే పైకి లేచింది. సిగ్నలుకి వేరే తీగ వేసినా జబ్బు కుదరకపోవడానికి కారణం ఇదే.

ఈ జబ్బు మన పల్లెలకి కొత్తదేం కాదు. లైను చివర ఉన్న బోరు మోటారు గుయ్యిమని మూలిగి తిరగకపోవడం, వైండింగు కాలిపోవడం ఎరగని రైతు ఎవరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి చేసిన వైద్యం 11 కిలోవోల్టుల లైనుని పొలాల దాకా లాగి, రెండు మూడు మోటార్లకి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. హెచ్‌వీడీఎస్ అన్నారు దాన్ని. వోల్టేజీ పెరిగితే అదే పనికి కరెంటు తగ్గుతుంది, దారిలో నష్టమూ తగ్గుతుంది.

ఎలుకకీ అదే చేశాం. 12 వోల్టులు పంపి, ఎలుక పొట్టలో అగ్గిపెట్టంత బక్ కన్వర్టరు పెట్టి అక్కడే 5 వోల్టులుగా దించాం. ఇప్పుడు సన్నతీగలో పారేది అర ఆంపియర్. దారిలో 1.3 వోల్టులు పోయినా 10.7 చేరుతుంది, కన్వర్టరుకి అది పుష్కలం. పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఒకటి పెట్టాం, మోటారు ఒక్కసారిగా గుక్కపట్టినప్పుడు అందించే చెంబులా. కన్వర్టరు దొరక్కపోతే ఇళ్ల వైరింగుకి వాడే 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ తీగ వేసినా చాలు. పది మీటర్లకి రానూపోనూ పావు ఓమ్ కూడా ఉండదు. బరువు తప్ప దానికి వంక పెట్టలేం.

విమానాల వాళ్లకి బరువే శత్రువు, అందుకే వాళ్ల ఉపాయాలు వేరు. పెద్ద గ్లైడరు రెక్కలో పోయే మూడు తీగల్నీ జడలా పెనవేస్తారు. పెనవేసిన తీగలు బయటి అలజడిని దాదాపు సమానంగా పట్టుకుంటాయి, తేడా మిగలదు. రిసీవరు దగ్గర తీగని ఫెర్రైట్ రింగు గుండా రెండు మూడు చుట్లు తిప్పుతారు, పొడవాటి తీగ యాంటెన్నాలా పనిచేసి రిసీవరుని గందరగోళపెట్టకుండా. 72 మెగాహెర్ట్జ్ రేడియోల కాలంలో ఆ రింగుకి ఉన్న విలువ 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక తగ్గింది. మెలి మాత్రం అలాగే ఉంది. పైసా ఖర్చు లేని పని కదా!

ముప్ఫై, నలభై మీటర్లు పోవాలంటే పల్సుని మోయడమే మానేయాలని నా అభిప్రాయం. సర్వో పక్కనే ఒక చిన్న మైక్రోకంట్రోలరు పెట్టి, ‘తొంభై డిగ్రీలు’ అన్న మాటని ఆర్‌ఎస్-485 అనే పద్ధతిలో పంపాలి. అందులో రెండు తీగల మధ్య తేడానే సమాచారం. గ్రౌండు ఏడు వోల్టులు అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. వేగం తక్కువైతే 1200 మీటర్ల దాకా పోతుంది. తీగ రెండు కొసలా 120 ఓమ్‌ల రెసిస్టరు మరిచిపోకూడదు.

ఏది చేసినా ముందు ఒక పరీక్ష. మీటరు ముళ్లు కంట్రోలరు దగ్గర కాదు, సర్వో పిన్నుల దగ్గరే పెట్టి, తిరుగుతున్న ఇరుసు మీది కొమ్ముని వేలితో ఒక్క క్షణం అడ్డుకుని అంకె చూడాలి. నేను మొదటి రోజే ఆ పని చేసుంటే ఒక సాయంత్రం మిగిలేది.

ఈ ఏడాది చెవులు కూడా కదిలిద్దామంటున్నారు పిల్లలు. ఇంకో రెండు సర్వోలు, తీగ మాత్రం పాతదే. మూడూ ఒకేసారి కదిలితే ఎన్ని ఆంపియర్లో లెక్క కట్టమని కాగితం ఇచ్చి కూర్చోబెట్టాను.