మూడో ఊచ

"ఎర్రబస్సు కిటికీకి అడ్డ ఊచలెన్నిరా?"

బండ్లు కట్టడం నేర్చుకుంటానని మా పెదనాన్న దగ్గరికి వెళ్ళిన రోజున ఆయన అడిగిన మొదటి మాట ఇది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ బస్సుల్లోనే తిరిగినవాణ్ణి, తడుముకోకుండా రెండన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. కోటిపల్లి రోడ్డులో ఒక కొబ్బరితోటలో పాత బస్సు డొక్కు ఒకటి పడి ఉండేది, రైతు అందులో కాయలు పోసుకునేవాడు. వెళ్ళి చూసి రమ్మన్నారు. చూశాను. మూడు! మూడోది అన్నిటికన్నా కింద, చట్రాన్ని దాదాపు ఆనుకుని ఉంది. ఏళ్ళ తరబడి మోచేతులు ఆని ఆని దాని రంగంతా పోయి నడిమి భాగం నున్నగా మెరుస్తోంది.

ఇంటికొచ్చి చెబితే పెదనాన్న తన బల్ల మీదున్న మూరెడు బస్సును నా ముందుకు జరిపారు. ప్రతి కిటికీకీ మూడో ఊచ ఉంది. ప్రతి మూడో ఊచకూ సరిగ్గా మోచెయ్యి ఆనేచోట రంగు గీకేసి ఉంది.

ఆ క్షణం నుంచి నాకీ విద్య మీద పిచ్చి పట్టింది. ద్రాక్షారామం అంటే అందరికీ భీమేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. నాకు మాత్రం గుడి తరవాత ఆ పెంకుటింటి వసారాలో ఉన్న బల్లే గుర్తొస్తుంది. దాని మీద ఒక ఎర్రబస్సు, ఒక బొగ్గింజను, సగం కట్టిన రైలుబస్సు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు "బొమ్మలు బాగున్నాయండీ" అంటారు. ఆ మాటకే నా ప్రాణం చివుక్కుమంటుంది. బొమ్మకి కొలత అక్కర్లేదు. దీనికి కొలతే ప్రాణం. పది మీటర్ల బస్సును ఇరవై నాలుగో వంతుకు దించితే సుమారు 42 సెంటీమీటర్లు వస్తుంది. ఆ లెక్క పొడవుకే కాదు, మెట్టుకీ, సీటు వీపుకీ, వెనక నిచ్చెనలోని ప్రతి గడికీ ఒకటే. ఒక్కచోట కంటి అంచనాకు వదిలేశామా, బండి మొత్తం అబద్ధమైపోతుంది. ఎక్కడ తప్పుందో చూసేవాడు చెప్పలేడు గానీ ఏదో తేడాగా ఉందని మాత్రం వాడి కన్ను పట్టేస్తుంది.

ఆర్టీసీ బాడీ రేకు మీద వరసలు వరసలుగా రివిట్లుంటాయి చూడండి, వాటిని పెదనాన్న వేసే తీరు చూస్తుంటే అన్నం వేళ కూడా గుర్తుకు రాదు. కూల్‌డ్రింకు డబ్బా కోసి, చదును చేసిన అల్యూమినియం రేకు తీసుకుంటారు. ఆత్రేయపురం పూతరేకుకి అన్న వరస దానిది, గట్టిగా నొక్కితే చిరిగిపోతుంది. దాన్ని సీసం దిమ్మ మీద బోర్లించి, వెనక పెన్సిలుతో గీత గీసి, మొన అరగదీసిన గ్రామఫోన్ ముల్లుతో ఒక్కొక్క చుక్కా నొక్కుతారు. రెండు చుక్కల నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్లు. చెయ్యి తడబడి ఒక్క చుక్క పక్కకు పోయిందంటే ఆ రేకు చెత్తబుట్టలోకే. పక్క రేకులు రెండింటికీ కలిపి ఎనిమిది వందల పైచిలుకు చుక్కలు నేనే లెక్కపెట్టాను. రేకు తిరగేస్తే ఎనిమిది వందల రివిట్లు సైన్యంలా వరస తీరి కనిపిస్తాయి. కండక్టరు లాగే గంట తాడు ఉంది, లాగితే డ్రైవరు నెత్తిన గోరంత గంట కొట్టుకుంటుంది. చుట్ట చుట్టి కట్టిన టార్పాలిన్ తెరలున్నాయి, విప్పితే దిగుతాయి. టాపు మీద అరటిగెలలున్నాయి. మెట్టు అంచున ఇత్తడి పట్టీ అరిగి ఉంది, అదీ ఎడమవైపే ఎక్కువ. ఎక్కేవాళ్ళు కడ్డీ పట్టుకుని ముందు ఎడమ కాలే వేస్తారట.

ఇక బొగ్గింజను. పెదనాన్నదీ నాదీ ఇక్కడ ఒకే పార్టీ. మాకు డబ్ల్యూపీ తరవాతే ఏదైనా. తూటాలా ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, ఆ ముక్కు మీద నక్షత్రం. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటి ఇంజన్లు దిగాయి, ఆ తరవాత దేశమంతా మెయిళ్ళనూ ఎక్స్‌ప్రెస్‌లనూ లాగింది అదే. సరుకు బండ్లు లాగిన డబ్ల్యూజీ బలమైనదే, కాదనను. 1970లో చిత్తరంజన్ కార్ఖానా కట్టిన ఆఖరి బ్రాడ్‌గేజీ ఆవిరి ఇంజను కూడా అదే, 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టారు. కానీ సామర్లకోట స్టేషన్లో డబ్ల్యూపీ వచ్చి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం అదిరేది, చంటిపిల్లలు తల్లి కొంగుల్లో దూరేవాళ్ళు. కంట్లో బొగ్గు నలుసు పడితే అమ్మ కొంగు కొసని ఉండగా చుట్టి, నోటి ఆవిరి పట్టి కంటికి అద్దేది. డీజిలు ఇంజను మీద అలాంటి జ్ఞాపకం ఒక్కటి ఎవరైనా చెబితే వింటాను.

ఈ ఇంజను కట్టడంలో అసలు పరీక్ష చక్రాల దగ్గరుంది. డబ్ల్యూపీ పెద్ద చక్రం అయిదడుగుల ఏడంగుళాలు. ముప్ఫై రెండో వంతుకు 53 మిల్లీమీటర్లు. అజ్జరం ఇత్తడి బిళ్ళను లేతు మీద తిప్పి, కంసాలి రంపంతో ఆకుల మధ్య ఖాళీలు కోసి తీస్తారు. టంకం పెట్టేముందు చింతపండుతో తోమి తీరాలి, లేకపోతే అతుకు నిలవదు. ఇంతవరకూ ఓపికున్నవాడెవడైనా చేస్తాడు. ఎడమ చక్రాలనూ కుడి చక్రాలనూ ఇరుసుకు బిగించేటప్పుడు బయటపడుతుంది పనితనం. ఎడమవైపు కడ్డీ తగిలించే మేకు గడియారంలో పన్నెండు దగ్గరుంటే కుడివైపుది సరిగ్గా మూడు దగ్గరుండాలి. పెద్ద ఇంజన్లోనూ ఇంతే. రెండు వైపులా మేకులు ఒకే తీరున ఉంటే, పిస్టను కొసకు వచ్చి ఆగిన చోట ఇంజను మళ్ళీ కదలలేదు. ఒకవైపు చచ్చినచోట రెండోవైపు తోయాలి. మూడు జతల చక్రాలకూ ఈ లంబకోణం ఒకేలా కుదరాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కడ్డీలు పట్టేసి బండి కుంటుతుంది. ఒక్క జత కుదరక పెదనాన్న పదకొండు రోజులు విప్పి బిగించడం నేను కళ్ళారా చూశాను. పన్నెండో రోజు పొద్దున టెండర్లో దాచిన మోటారుకు కరెంటిస్తే ఇంజను చప్పుడు లేకుండా, నూనెలో తేలినట్టు వెళ్ళింది. ఆయన ఏమీ అనలేదు. వెళ్ళి కాళ్ళు కడుక్కుని కాఫీ తాగారు.

నలుపు రంగు డబ్బాలోంచి రాదు. రాత్రి ఆముదం దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పడతారు. చంటిపిల్లలకు కాటుక చేసినట్టే. ఆ మసిని పొగగొట్టం చుట్టూ వేలి కొసతో అద్దితే ఏ పెయింటూ ఇవ్వలేని మెత్తని నలుపొస్తుంది. దుమ్ము కావాలంటే కాలవగట్టు మన్ను మల్లుగుడ్డలో జల్లిస్తారు. వరిచేలకు రంగు అద్దిన కొబ్బరిపీచు, కంచెలకు చీపురు ఈనెలు. మన బండి మన నేల మీద నిలబడాలంటే సామాను కూడా మన నేలదే కావాలి.

చరిత్ర తెలిసినవాళ్ళు నాకన్నా చాలామంది ఉన్నారు, రెండు ముక్కల్లో చెబుతాను. మన గోదావరికి రైలు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్టకు రాయి మోయడానికి కాటన్ దొర 1845లోనే పట్టాలు వేయించాడు. బొంబాయి–ఠాణా బండి నడిచింది ఆ తరవాత ఎనిమిదేళ్ళకు. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో తెరిచారు, యాభై ఆరు ఖానాలు. ఎర్రబస్సు తాత హైదరాబాదులో పుట్టాడు. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టారు, స్కాట్లాండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులు. ఆర్టీసీ నంబర్లలో కనిపించే జడ్ అక్షరం నిజాం గారి తల్లి జెహ్రా బేగం పేరులోదని పాత డ్రైవర్లు చెప్పుకునేవారు. బస్సూ రైలూ మన దగ్గర మొదట్నుంచీ ఒకే ఇంటి బిడ్డలు.

ఈ విద్యలో మహానుభావులున్నారు. పుణేలో జోషీగారు ఒక జీవితకాలం ఖర్చుపెట్టి చిన్ని రైళ్ళ ప్రదర్శనశాల కట్టారు, 1998 నుంచి జనం చూస్తున్నారు. ఇంగ్లండులో రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన, పల్లెల్లో పూరికప్పుల ఇళ్ళు మాయమైపోతుంటే చూడలేక, ఒక్కొక్క ఇంటినీ కొలిచి నమూనా కట్టడం మొదలుపెట్టాడు. అదే ఇవాళ పెండన్ మ్యూజియం. ఒక్కో ఇంటికి నెలల తరబడి పని. మనకు మాత్రం తక్కువేముంది? వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్క ఎక్కించి చేసే రైలింజను చూడండి. అందులో కొలత ఉండదు నిజమే, కానీ ఆ గుండ్రం, ఆ నునుపు, చెట్ల రంగులతో వచ్చే ఆ పసుపూ ఆ ఎరుపూ! సహజ రంగులను మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వస్తే మా బల్ల దగ్గర మేం పండగ చేసుకున్నాం.

ఇంత చేతిపని ఉన్న రాష్ట్రంలో ఇవాళ పిల్లల చేతికి దొరుకుతున్నదేమిటి? ఊళ్ళో జాతర కొట్లలో అమ్మే ప్లాస్టిక్ రైలు సెట్టు. ముందు ఆవుల్ని తోసే జల్లెడ, నెత్తిన గంట, గరాటులాంటి పొగగొట్టం. మన పట్టాల మీద అలాంటిది నేనెన్నడూ చూడలేదు. లండను డబుల్ డెక్కరు నమూనాను కంప్యూటరులో దింపుకుని, మిషనులో అచ్చు వేసి, పక్కన ఆర్టీసీ అని స్టిక్కరు అంటించి 'పాత జ్ఞాపకాలు' అని అమ్ముతున్నారు. ఎవరి జ్ఞాపకాలు? ఏ పల్లెలో ఏ తల్లి ఎక్కింది ఆ బస్సు? మిషను మీద నాకు పగ లేదు, కొలిచినవాడి చేతిలో మిషను కూడా పనిముట్టే. కొలవకుండా అమ్మేవాడి మీదే నా కోపం.

మన బ్రాడ్‌గేజీ 1676 మిల్లీమీటర్లు. ఎనభై ఏడో వంతుకు 19.3 రావాలి. బజారులో దొరికే పట్టా 16.5, అది విదేశీ గేజీకి లెక్క. 'ఎవరికి తెలుస్తుందిలే' అని దాని మీదే డబ్ల్యూపీని నిలబెట్టేవాళ్ళున్నారు. నడుం కట్టేసిన ఏనుగులా ఉంటుంది. నాకు తెలుస్తుంది, పెదనాన్నకు తెలుస్తుంది, ఆ ఇంజను నడిపిన ముసలి డ్రైవరుకి తెలుస్తుంది.

కొన్నేళ్ళ కిందట ఒక బళ్ళో ప్రదర్శన పెడుతున్నామంటే పెదనాన్న బస్సును గుడ్డలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. బహుమతి కొట్లో కొన్న మెరుపు లైట్ల రైలుకిచ్చారు. అది పోనీండి. తిరిగి తెచ్చేసరికి రెండు తెరలు చిరిగాయి, గంట తాడు తెగింది. ఆయనకు ఎలా చూపించాలో తెలియక వీధరుగు మీదే గంటసేపు కూర్చున్నాను.

అసలు బండ్ల గతి ఇంకా అన్యాయం. బిట్రగుంటలో అంత పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు, ఒక ఊరినే పోషించిన షెడ్డు, పాడుబడిపోయింది. హేవలాక్ వంతెన 1997లో బండ్లు ఆపేసిన దగ్గర్నుంచీ తుప్పు పడుతూ నిలబడి ఉంది. ఎనభై ఏడో వంతుకు దించినా అది 29 మీటర్లు దాటుతుంది, మా వీధి చాలదు, అందుకే పెదనాన్న మూడు ఖానాలే కట్టారు. పాత ఎర్రబస్సులు తుక్కు కింద తూకానికి పోయాయి. డిపోకొక్క బండి, ఒకే ఒక్క బండి, రేకులతో, సీట్లతో, గంట తాడుతో సహా అట్టేపెట్టమని ఆర్టీసీ పెద్దలకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. తుక్కుకి పంపేముందు కనీసం మాలాంటివాళ్ళను టేపు పట్టుకుని లోపలికి రానివ్వండి. ఒక్క పూట చాలు.

ఎందుకింత ఆత్రమంటే, మా ఊరి రైలుబస్సు విషయంలో ఆ ఒక్క పూట మాకు దక్కలేదు.

కాకినాడ–కోటిపల్లి లైను 45 కిలోమీటర్లు. 1928లో మొదటిసారి వేశారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు, యుద్ధానికే పట్టుకుపోయారని పెద్దలంటారు. మళ్ళీ పట్టాలు రావడానికి అరవయ్యేళ్ళు పైగా పట్టింది. లోక్‌సభ స్పీకరుగా జి.ఎం.సి. బాలయోగి గారు పట్టుబట్టిన లైను, అది తయారయ్యేసరికి ఆయన లేరు. దాని మీద నడిచింది మా రైలుబస్సు. ఒకటే పెట్టె, చేల మధ్యన తాపీగా వచ్చేది. గేటు దగ్గర ఆగేది, మనిషి దిగి గేటు వేసేవాడు, బండి దాటి ఆగేది, మళ్ళీ తీసి వచ్చి ఎక్కేవాడు. బస్సు మీద ప్రేమ ఉన్నవాడికి బస్సు, రైలు మీద ప్రేమ ఉన్నవాడికి రైలు. కరోనా రోజుల్లో ఆగిపోయింది. ఉన్నన్నాళ్ళూ రేపు కొలుద్దాం, ఎల్లుండి కొలుద్దాం అనుకున్నాం.

ఇప్పుడు పెదనాన్న జ్ఞాపకాలను కొలిచి కడుతున్నారు. పెళ్ళిఫోటో వెనకాల కనిపించిన అద్దం, ఎవరో కుర్రాడి సెల్‌ఫోన్లో మిగిలిన తలుపు. అన్నీ కుదిరాయి గానీ నేల నుంచి మొదటి మెట్టు ఎత్తు మాత్రం తేలలేదు. ఫోటోలన్నిట్లో అక్కడ గడ్డి అడ్డం.

మొన్న కార్తీక సోమవారం నాడు మా వీధిలోకి పూలమ్మే మామ్మగారు వచ్చింది. రామచంద్రపురం నుంచి ఏళ్ళ తరబడి ఆ రైలుబస్సులోనే గంపతో వచ్చేది. పెదనాన్న ఆమెను పిలిచి, మెట్టు ఎంత ఎత్తుండేదమ్మా అని అడిగారు.

"ఎంతంటే ఏం చెప్పనండీ, ఇదిగో ఇక్కడికొచ్చేది. ముందు గంప పైన పెట్టి, అప్పుడు కాలెత్తేదాన్నండి" అని మోకాలికి కొంచెం పైన చెయ్యి పెట్టి చూపించింది.

"అలాగే ఉండమ్మా, చెయ్యి తియ్యకు" అంటూ పెదనాన్న టేపు కోసం లోపలికి పరిగెత్తారు.