రైలు కాగితములు, పల్లె చరిత్ర

రైలు చరిత్రను ముచ్చటపడి సేకరించువారు మనలో నానాటికి పెరుగుచున్నారు. పాత టిక్కెట్లు, కాలపట్టికలు, ఇంజనుల ఛాయాచిత్రములు వారి పెట్టెలలో భద్రముగా నున్నవి. ఈ శ్రమ కొనియాడదగినదే. కాని, యిట్టి సంగ్రహము చరిత్రకు ఆధారమగునా, వింతవస్తువుల మూటగా మిగులునా యను ప్రశ్న తప్పదు.

గుడుపల్లెనే తీసికొందము. జోలార్‌పేటనుండి కుప్పము, గుడుపల్లెల మీదుగా బెంగుళూరు చేరు మార్గమును మదరాసు రైల్వే కంపెనీ 1864లో తెరచినది. 1908లో నీ మార్గము మదరాసు దక్షిణ మహారాష్ట్ర రైల్వే పాలికి వచ్చెను. 1951లో దక్షిణ రైల్వేలో చేరెను. 2003లో నేర్పడిన నైరుతి రైల్వే క్రింద నేడున్నది. చిత్తూరు జిల్లా యేర్పడిన 1911కు ముందు ఈ సీమ ఉత్తర ఆర్కాటులోనిది. ఒక్క యూరి కాగితములకు ఇందరు యజమానులు! కచేరీలు తమ తమ దస్త్రములనే చూచుకొనును. ఊరిని కేంద్రముగా నుంచుకొని వానినన్నిటిని ఒకచోట కూర్పగలవాడు స్థానిక చరిత్రాభిమానియే.

అయితే ఏమి కూర్పవలెను? ఆనాటి కంపెనీలకు ప్రభుత్వము భూమి నుచితముగా నిచ్చి, పెట్టుబడిపై నూటికి ఇంచుమించు 5 వంతుల వడ్డీకి పూచీపడినది. రాబడి చాలనప్పుడు ఆ లోటు ప్రజల పన్నులనుండియే తీరెను. కావున రైతు ఈ మార్గమునకు మూల్యము చెల్లించినవాడే. అతని పొలమునకెంత ముట్టినది? మట్టితట్టలు మోసిన స్త్రీకి కూలియెంత? 1876–78 నాటి కరవులో మదరాసు రేవున దిగిన ధాన్యమును రైళ్లు లోనాడులకు చేర్చినవి గదా. ఒక్కొక్క స్టేషనులో దిగిన బస్తాలెన్ని, ఎక్కినవెన్ని? ఈ ప్రశ్నలకు బదులు చెప్పు ఒక్క సరకు రసీదు నూరు ఇంజను బొమ్మలకంటె విలువైనది. మనవారి సంగ్రహములలో తరచుగా కొరవడునది ఇదియే.

మేలైన మాదిరి మనకు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేయుచు వ్రాసి పంపిన వృత్తాంతమును మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళె 1838లో అచ్చొత్తించెను. బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దానిని మరల వెలువరించిరి. వీరిలో నెవ్వరికిని చరిత్రరచన జీవనోపాధి కాదు. రైలు రాకముందటి బాటలు, సత్రములు, సుంకములు మనకు తెలియుటకు వారి శ్రద్ధయే కారణము.

రైలు కాగితములు చేర్చువారును ఈ శ్రద్ధనే చూపవలెను. ప్రతి పత్రముపై అది దొరకిన చోటు, తేది వ్రాయవలెను. ఇంగ్లీషు దస్త్రములకు తెలుగున సారాంశము చేర్చవలెను. ఇంటి పెట్టెలో నేమున్నదో ఇల్లాలికే బాగుగా తెలియును. భూమి పరిహారపు నోటీసో, తాతగారి పట్టాల కూలి చీటియో కనబడినచో, చిత్తుకాగితములలో కలిపి అమ్మివేయక ఒక్క మారు చదివి చూడుడని చదువరులను కోరుచున్నాము.