ప్రిన్సిపాల్ పని

కాలేజీ ప్రిన్సిపాల్ ఎలాంటివాడన్నది వార్షికోత్సవం వేదిక మీద తేలదు. అడ్మిషన్లప్పుడు తేలుతుంది. ఎవరికి సీటిచ్చాడు, ఫీజు కట్టలేని పిల్లవాణ్ని ఏం చేశాడు? నేను చూసేది ఆ రెండే. డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పి, మధ్యలో కొన్నాళ్లు ఇన్‌ఛార్జిగా ఆ కుర్చీలో కూడా కూర్చున్నవాణ్ని కనుక ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

అలా చూస్తే నాకు ముందు గుర్తొచ్చే పేరు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. 1862లో బందరులో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మిల్లర్ దొర దగ్గర చదువుకున్నారు. బందరు నోబుల్ కాలేజీలో పాఠాలు చెప్పారు, సికింద్రాబాదు మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 1904లో కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి వచ్చి 1919 దాకా దాన్ని నడిపారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు, దానికి ముందే సర్ బిరుదూ వచ్చింది. నాకు మాత్రం ఆ కాకినాడ పదిహేనేళ్లే ముఖ్యం.

ఆడపిల్ల గడప దాటితేనే గుసగుసలు పోయే రోజుల్లో మగపిల్లలున్న కాలేజీలోనే ఆడపిల్లలను చేర్చుకున్నారు. ఊరు అంటరానివాళ్లంటూ దూరం పెట్టిన కుటుంబాల పిల్లలను పిలిచి చదివించారు. జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థులకే పోయేది. భార్య పోయాక మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తెల్లటి బట్టలు, బ్రహ్మసమాజం, పిల్లలు, అంతే ఆయన సంసారం. పిఠాపురం రాజావారి డబ్బు లేకపోతే ఇందులో చాలా భాగం సాగేది కాదు, ఆ మాటా చెప్పాలి. అయితే జమీందారు చేత మంచి పనికి ఖర్చు పెట్టించడం కూడా ప్రిన్సిపాల్ పనే. నాకది చేతనయ్యేది కాదు. మా కాలేజీ యాజమాన్యం దగ్గర కొత్త బెంచీలు అడగడానికే గొంతు పెగిలేది కాదు.

ఇప్పటి ప్రిన్సిపాల్ బల్ల మీద నాక్ గుర్తింపు ఫైళ్లుంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఓ పిల్ల హాల్ టికెట్ ఆపేస్తే, ఆ పిల్ల తండ్రి వరండాలో నిలబడి ఉంటాడు. సర్కారు బకాయి పడితే శిక్ష పిల్లకా అని అడిగేవాడు ఆ గదిలో ఒక్కడన్నా ఉండాలి కదా!

నాయుడుగారిలో నాకు మింగుడుపడనిదీ ఉంది. సాంఘిక పరిశుద్ధత పేరుతో ఆయన భోగంమేళాల మీద గట్టిగా పోరాడారు. పెళ్లిళ్లలో ఆ తంతు పోవాల్సిందే, నిజమే. కానీ మేళం ఆగిపోయాక ఆ ఆడవాళ్లు ఏం తిని బతకాలన్న ప్రశ్న ఆ ఉద్యమంలో నాకు గట్టిగా వినిపించదు.

ఆయన శిష్యుల్లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పేరు అందరూ చెబుతారు. చలం పేరు చెప్పేటప్పుడు కొంచెం తడబడతారు. చలం కూడా ఆ కాలేజీలో చదివినవాడే, నాయుడుగారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లినవాడే. తర్వాత అక్కడా నిలవలేదు, భర్తను వదిలి వెళ్లిన స్త్రీ కథగా ‘మైదానం’ నవల రాశాడు. పరిశుద్ధతే ప్రాణంగా బతికిన గురువుకు ఇలాంటి శిష్యుడా అని నొచ్చుకునేవాళ్లను చూశాను. నేను నొచ్చుకోను. ఎదురు మాట్లాడని పిల్లలే కావాలనే ప్రిన్సిపాళ్ల దగ్గర చాలాకాలం పనిచేశాను. క్రమశిక్షణకు కప్పులు చాలానే వచ్చాయి గానీ, ఒక్క చలం కూడా రాలేదు.